నాంచారయ్య అర అడుగు

దివిసీమలో ఆ ఏడాది సార్వా పంట నిలబడిందంటే అది నా వల్లే. కంప్యూటరు ఒక మాట చెప్పింది. నేను ఇంకో మాట చెప్పాను. నా మాటే నెగ్గింది. ఆ తర్వాత ఒక్క ఫోను చేశాను, కృష్ణమ్మ కదిలింది, నాలుగు వేల ఎకరాలు బతికాయి.

ఈ సంగతి బందరు కోనేరు సెంటర్లో టీ కొట్టు దగ్గర ఇప్పటికి పదిసార్లు చెప్పి ఉంటాను. మొదటిసారి చెప్పినప్పుడు ఎకరాలు నాలుగు వందలే. వినేవాళ్లు కళ్లు పెద్దవి చేస్తుంటే ఎక్కడ ఆపాలో తెలీదు. పోయిన శివరాత్రికి వెయ్యి దాటాయి. మొన్న ఒకాయన నా టీ కూడా తనే తెప్పించాడు, ఆ ఉత్సాహంలో నాలుగు వేలయ్యాయి.

ఇది శిరీష చెవిన పడింది. ఆ అమ్మాయి మా కాలువల ఆఫీసులో నా కింద ఏఈగా చేసింది. నేను రిటైరయ్యాక నా కుర్చీలో డీఈగా కూర్చుంది. పెడనలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన పిల్ల. పోగు తెగితే చప్పుడు మారుతుందట, ఇంట్లో ఎవరో ఒకరు తల ఎత్తుతారట. ఈమె కూడా అలాగే తల ఎత్తుతుంది, ఎక్కడ తేడా వచ్చినా.

"సార్, కొత్తగా చేరిన పిల్లలకి మీ అనుభవం రాసిపెట్టండి. టీ కొట్టు దగ్గరది వద్దు, ఆఫీసులో జరిగింది కావాలి" అంది.

"రెండింటికీ తేడా ఏంటమ్మా?"

"ఆ మూడు రోజులూ నేను ఆ గదిలోనే ఉన్నానండి. సీతమ్మగారి మూడెకరాల సంగతి కూడా రాయండి. అది లేకుండా రాస్తే పిల్లలకి ఇవ్వను."

అందుకని కూర్చున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, ఎవరు ఎవరికి దండ వేశారు, ఇవేవీ రాయను. ముప్పై అయిదేళ్లలో నాకు బుద్ధి చెప్పినవి రెండు మూడే. అవి చెప్తాను.

గుడివాడ నోటుబుక్కు

మేం నీళ్లు వదిలేవాళ్లమని జనం అనుకుంటారు. మేం నీళ్లని చూసేది తక్కువ. చూసేదంతా అంకెలు. కాలువ పొడుగునా అక్కడక్కడా లాకులుంటాయి. ప్రతి లాకు దగ్గర అడుగులూ అంగుళాలూ చెక్కిన రాయి ఒకటి నీళ్లలో నిలబడి ఉంటుంది. దాన్నే గేజి అంటాం. అక్కడ లస్కరు అని ఒక మనిషి ఉంటాడు. షట్టర్లు ఎత్తటం, దించటం ఆయన పని. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గేజి చూసి మట్టం ఎంతుందో వైర్‌లెస్ సెట్టులో ఆఫీసుకి చెప్పాలి. ఆ అంకెల్ని ముందేసుకుని, ఏ కాలువకి ఎన్నాళ్లు, ఏ షట్టరు ఎంత అని మేం నిర్ణయించాలి. ఉద్యోగమంటే అంతే. తప్పు నిర్ణయిస్తే మాకు ఒక మెమో. కాలువ చివర శివారువాడికి ఒక ఏడాది పంట.

నేను గుడివాడలో చేరినప్పుడు నా పైన సుబ్బారావుగారని ఒక డీఈ ఉండేవారు. పొడుం పీల్చి పీల్చి చొక్కా ముందువైపంతా గోధుమరంగు. మొదటి వారం నేను ఆ రోజు మట్టాలన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో కాగితం మీద ఎక్కించి తీసుకెళ్లాను. చూసి నవ్వారు.

"ఏమోయ్, ఇదంతా నమ్మావా?"

"లస్కర్లు చెప్పిందే రాశానండి."

"వాళ్లు చెప్పింది రాశావు. ఉన్నది రాయలేదు."

జేబులోంచి రబ్బరు బ్యాండు చుట్టిన చిన్న నోటుబుక్కు తీశారు. అందులో లాకుల పేర్లు లేవు, మనుషుల పేర్లున్నాయి. ఒక్కొక్క పేరు ఎదురుగా ఒక్కొక్క దిద్దుబాటు. తిరపతయ్య: మూడంగుళాలు తీసెయ్యి. వెంకయ్య: రెండు కలుపు. కోటేశ్వర్రావు: ఉన్నదున్నట్టు చెప్తాడు, కూతురింటికెళ్తే నిన్నటిదే మళ్లీ చెప్తాడు.

"అంకెని చదవకోయ్. చెప్పినవాణ్ణి చదువు" అన్నారు.

నాకు నమ్మకం కుదరలేదు. మర్నాడు సైకిలేసుకుని నాలుగు లాకులు తిరిగి, నా కళ్లతో గేజి చూసి రాసుకున్నాను. ఆఫీసుకొచ్చి సుబ్బారావుగారి దిద్దుబాట్లు వేసి సరిచూశాను. నాలుగు చోట్లా అంగుళం తేడాలో ఉంది. గది దాటని మనిషి, పొడుం డబ్బా పక్కన పెట్టుకుని, పది ఊళ్ల అవతల నీళ్ల మట్టం చెప్తున్నాడు. ఇంత గొప్ప విద్య ఇంకోటి ఉంటుందా అనిపించింది. సంవత్సరం తిరిగేసరికి అది నేర్చేశాను.

ఆరు నెలల్లో నేర్చేశానని చెప్పుకునేవాణ్ణి. సంవత్సరమే పట్టింది.

ఎల్లుండి మట్టం

ఆ విద్య పట్టుకుని అవనిగడ్డ వెళ్లాను. అక్కడి కాలువకి చిట్టచివరి లాకు కోడూరు దాటాక, హంసలదీవి వెళ్లే దారిలో ఉంది. దాని లస్కరు నాంచారయ్య. పొట్టి మనిషి, తలకి తుండుగుడ్డ, నడుం దాకా నీళ్లలో దిగి గుర్రపుడెక్క లాగుతూ మాట్లాడేవాడు. ఆయన చెప్పే అంకె ఎప్పుడూ తక్కువగా ఉండేది. ఒకరోజు చెప్పకుండా స్కూటరు మీద వెళ్లాను. గేజి రెండున్నర అడుగులు చూపిస్తోంది. పొద్దున ఆయన చెప్పింది రెండు.

"ఏం నాంచారయ్యా, కళ్లు కనపట్టం లేదా?"

"కనపడతన్నాయండి. రెండున్నర."

"మరి రెండన్నావే?"

"రెండున్నరంటే తవరేం చేస్తారండి?"

"సరిపోయిందిగదా అని పైన షట్టరు దించుతాం."

"అక్కడ దించింది నా దగ్గర తెలిసేసరికి ఎల్లుండయిద్ది. ఎల్లుండి అమాస. పోటు మీదుంటది సముద్రం, గాలి కూడా ఇటే కొడతంది. మురుగుకాలవలో ఉప్పునీళ్లు ఎగదన్నుద్ది. ఇటు మంచినీళ్లు నిండుగా లేకపోతే మా మడుల్లోకి ఉప్పు దిగిద్దండి. అందుకని ఎల్లుండి మట్టం ఇయ్యాలే చెప్పాను."

సంజాయిషీలా చెప్పలేదు, టైమెంతయ్యిందంటే చెప్పినట్టు చెప్పి మళ్లీ గుర్రపుడెక్క లాక్కోవటం మొదలుపెట్టాడు. నేను ఇంజనీరింగ్ చదివాను. నీళ్లు పైన తోట్లవల్లూరు నుంచి శివారుకి రావటానికి ఒకటిన్నర రోజు పడుతుందని లెక్కగట్టగలను. కానీ పోటునీ, గాలినీ, ఆ ప్రయాణాన్నీ, పైన కూర్చున్న నా పిసినారి బుద్ధినీ కలిపి ఒకే ఒక్క అంకెలో ఎలా పెట్టాలో నాకెవరూ చెప్పలేదు. ఈ మనిషి రోజూ పెడుతున్నాడు.

నా నోటుబుక్కులో రాసుకున్నాను: నాంచారయ్య, అర అడుగు కలుపు.

ఎందుకు కలపాలో రాసుకోలేదు. అది గుర్తుంటుందిలే అనుకున్నాను.

తెర వెలిగిన రోజు

చాలా ఏళ్లు గడిచాయి. నేను డీఈగా బందరు వచ్చాను, ఇంకో రెండేళ్లలో రిటైర్మెంటు. అప్పుడు కాలువ మీద ప్రతి లాకు దగ్గరా ఒక ఇనుప స్తంభం పాతారు. పైన ఎండకి పనిచేసే పలక, దాని కింద నీళ్లవైపు చూస్తూ ఒక తెల్ల డబ్బా. పావుగంటకోసారి నీటిమట్టం కొలిచి ఆఫీసుకి పంపుతుంది. మా గదిలో గోడంత తెర బిగించారు.

మొదటిరోజు పొద్దున తోట్లవల్లూరు దగ్గర షట్టరు ఎత్తించి వచ్చి తెర ముందు కూర్చున్నాను. ఒక్కో లాకుకి ఒక్కో గీత. కాసేపటికి తోట్లవల్లూరు గీత లేచింది. కిందవన్నీ పడుకునే ఉన్నాయి. మధ్యాహ్నం దాటాక దాని కింద గీత లేచింది. తర్వాత దాని కిందది. నేను భోజనానికి లేవలేదు. శిరీష వచ్చి, "ఒంట్లో బాగాలేదా సార్?" అని అడిగింది.

"నీళ్లు నడుస్తున్నాయమ్మా" అన్నాను.

నా ఉద్యోగమంతా వీటిని పంపించాను. వెళ్తుండగా ఎప్పుడూ చూడలేదు. పంపిన చోట చూశాను, చేరిన చోట చూశాను. మధ్యలో పొలాల పక్కనుంచి, వంతెనల కిందనుంచి, ఆఖర్న పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ మీదుగా అక్విడెక్టు అనే కాలువ వంతెన ఎక్కి, అవనిగడ్డలో బస్టాండు జనానికి తెలీకుండా వెనకనుంచి దిగి, ఇలా ఒక్కో అడుగూ వేసుకుంటూ వెళ్లటం చూస్తే ఎవరో తెలిసినవాళ్లని దూరం నుంచి చూసినట్టుంది. మర్నాడు సాయంత్రానికి శివారు గీత చిన్నగా తల ఎత్తింది. చప్పట్లు కొట్టాను. గదిలో ఇద్దరు గుమాస్తాలు నా వంక చూసి మళ్లీ ఫైళ్లలోకి వెళ్లిపోయారు.

ఇంకో వింత. రెండు లాకుల మధ్య రోజూ మధ్యాహ్నం రెండింటికి మట్టం తగ్గేది, అయిదింటికి మళ్లీ సర్దుకునేది. పాతికేళ్లుగా ఆ మధ్య పోయే నీళ్లకి మేం 'ఎండకి ఆవిరి' అని రాస్తున్నాం. గడియారం చూసుకుని ఆవిరయ్యే నీళ్లు ఎక్కడైనా ఉంటాయా? వెళ్లి చూస్తే గట్టు మీద నాలుగు ఇంజన్లు వరసగా కాలువలో గొట్టాలు వేసి తోడుతున్నాయి. తెర మాకు కొత్తగా చెప్పింది ఏమీ లేదు, మేం ఏళ్ల తరబడి చూడకుండా వదిలేసింది చూపించిందంతే. ఇంజన్ల వాళ్లు కూడా ఆశ్చర్యపోయారు. "ఎవరు చెప్పారండీ?" అని ఒకటే అడగటం. ఎవరూ చెప్పలేదంటే నమ్మలేదు. మా ఆఫీసులో ఎవరికీ తెలీని నిజం ఒకటి, ఎవరూ చెప్పకుండా, ఎవరి మొహమాటమూ లేకుండా గదిలోకి వచ్చింది. అది నాకు భయం వేసినంత బాగుంది.

ఆ వారమే ఆర్డరు వచ్చింది. లస్కర్లు ఇక ఫోను చేసి మట్టాలు చెప్పనక్కర్లేదు. చివరిరోజు నాంచారయ్య ఫోను చేశాడు.

"రేపట్నుంచి నేను చెప్పక్కర్లేదంటగదండీ."

"అక్కర్లేదు. డబ్బా చెప్తుంది."

"గాలి సంగతి కూడా చెప్పిద్దాండీ?"

నేను నవ్వాను. ఆయన కూడా నవ్వాడు. ఆ ప్రశ్న ఒక కాగితం మీద రాసి గోడకి అంటించవలసింది.

గేదె వీపు

అప్పటి మా ఈఈ గారు, అంటే నా పై అధికారి, మంచివారే. కానీ తెర ఫోన్లోకి కూడా వస్తుందని ఎవరో చెప్పారు. అంతే. అంతకుముందు నెలకోసారి మాట్లాడే మనిషి పావుగంటకోసారి మాట్లాడటం మొదలుపెట్టారు. ఒకరోజు పెళ్లి పందిట్లోంచి చేశారు, వెనకాల సన్నాయి వినపడుతోంది.

"ఏమయ్యా, చల్లపల్లి దగ్గర అడుగున్నర పెరిగింది! గట్టు తెగుద్ది! షట్టరు దించెయ్!"

దించేశాం. అయిదు నిమిషాలకి రెండడుగులు తగ్గింది.

"అంత దించమన్నానా?"

ఎత్తాం. మళ్లీ పెరిగింది. లస్కరుకి ఫోను చేసి ఏం జరుగుతోందయ్యా అని అడిగితే, "ఏం లేదండి, గేదెలు తాన్నం చేస్తన్నాయి" అన్నాడు. డబ్బా సరిగ్గా కిందకి చూస్తోంది. దాని కింద గేదె నిలబడితే గేదె వీపునే నీటిమట్టం అనుకుంటోంది. ఆ పూట కృష్ణా డెల్టాలో నీటి నిర్వహణ మొత్తం ఒక గేదె నడిపింది.

తర్వాత చుట్టూ వెదురు తడిక కట్టించాం. ఈఈ గారు పాపం ఎవరికీ చెప్పొద్దన్నారు. నేను అందరికీ చెప్పాను. నవ్వుకున్నంత నవ్వుకున్నాను కానీ, ఆ గేదె నా బుర్రలో ఇంకో పని చేసింది. డబ్బాని కూడా ఒక లస్కరులాగే చూడొచ్చని, దానికీ ఎంతో కొంత దిద్దుబాటు వెయ్యాలని నాకు ధైర్యం ఇచ్చింది.

మూడు రోజులు

ఆ ఏడాది వానలు ముందు బాగా పడి, సరిగ్గా పైరు పొట్ట మీదున్నప్పుడు మొహం చాటేశాయి. పొట్ట దశంటే వెన్ను ఇంకా బయటికి రాకుండా ఆకు తొడుగులో ఉండే సమయం. వరికి నీళ్లు బొత్తిగా తప్పకూడని రోజులవి. నీళ్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. వంతులు పెట్టాం. శివారు వంతు ముగిసింది, పైన విడిపోయే ఇంకో కాలువకి ఇవ్వాలా, శివారుకే ఇంకొన్నాళ్లు ఉంచాలా? నిర్ణయం నాది.

తెరమీద శివారు గీత అడుగున్నర చూపిస్తోంది. రెండు లేకపోతే తూముల్లోంచి పొలాలకి నీళ్లెక్కవు.

నేను చెప్పాను: "అడుగున్నరంటే రెండు ఉన్నట్టే. పక్క కాలువకి తిప్పెయ్యండి."

శిరీష తల ఎత్తింది. "అడుగున్నరంటే అడుగున్నరే కద సార్?"

"శివారువాళ్ల సంగతి నీకు తెలీదమ్మా. ఎప్పుడూ అర అడుగు తగ్గించే చెప్తారు."

"చెప్తోంది వాళ్లు కాదండి, డబ్బా. దానికి అక్కడ చుట్టాలెవరూ లేరు."

"గేదెని నీళ్లనుకున్న డబ్బా కదూ?"

గదిలో అందరూ నవ్వారు. పోనీ వెళ్లి చూసొస్తానంది. బండి ఖాళీ లేదన్నాను. బండి ఉంది, కింద చెట్టు నీడలో డ్రైవరు నిద్రపోతున్నాడు.

అర్థమైందా? డబ్బా చెప్పిన అంకెకి నేను నాంచారయ్య దిద్దుబాటు వేశాను. ముప్పై ఏళ్ల అలవాటు. ఏ దేశంలో ఏ ఆఫీసులోనూ ఎవరూ ఇలాంటి తప్పు చెయ్యలేరు. దానికి సుబ్బారావుగారి దగ్గర చదివి ఉండాలి.

రెండోరోజు మధ్యాహ్నం సీతమ్మ వచ్చింది. శివారు లాకు కింద మూడెకరాలు కౌలుకి చేస్తోంది. భర్త పోయాక ఆ మూడెకరాలే ఇల్లు. ఆ ఏడాది పంట తప్పితే భూమి ఇంకొకరికి ఇచ్చేస్తానని ఆసామి ముందే చెప్పాడట. కోడూరు నుంచి అవనిగడ్డ, అవనిగడ్డ నుంచి బందరు, రెండు బస్సులు మారి వచ్చింది. చేతిలో తడిగుడ్డలో చుట్టిన వరి దుబ్బు. నా బల్ల మీద పెట్టింది.

"పొట్ట మీదుందండీ. ఇయ్యాల నీళ్లిస్తే ఇచ్చినట్టు. వచ్చేవారం ఇస్తే మాకెందుకండీ?"

తెర చూపించాను. ఆ గొప్పతనం ఆమెకి కూడా చూపించాలని నాకు ఉబలాటం. "చూడమ్మా, ఇదిగో మీ లాకు. అడుగున్నర. దానికి అర అడుగు కలుపుకుంటే రెండు. మీకు ఉన్నట్టే."

ఆమె తెర దగ్గరికెళ్లి ఆ గీతని చూసింది. వేలితో కూడా తాకింది.

"ఈ అడుగున్నర కనపడతందండీ. తవరు కలిపిన అర అడుగు ఎక్కడుందండీ?"

"అది అనుభవం అమ్మా" అన్నాను.

ఆమె దుబ్బుని మళ్లీ తడిగుడ్డలో చుట్టుకుని వెళ్లిపోయింది. శిరీష తల వంచుకుని ఏదో రాస్తోంది. ఇంతమంది ముందు ఇంత తెలివితక్కువ మాట నేను ఇంకెప్పుడూ అనలేదు. ఆ పూట మాత్రం అదొక గొప్ప మాటలా ఉంది నాకు.

మూడోరోజు పొద్దున నా సొంత ఫోనుకి నాంచారయ్య చేశాడు. చెప్పక్కర్లేదన్న తర్వాత అదే మొదటిసారి.

"సార్, అడుగుకొచ్చేసింది."

నేను తెర వంక చూశాను. అడుగు. ముప్పై ఏళ్లలో నాంచారయ్య చెప్పిందీ ఉన్నదీ ఒకటవ్వటం అదే చూడటం. అర అడుగు ఎక్కడికి పోయింది?

"నాంచారయ్యా, నిజంగా అడుగేనా? అరడుగు తగ్గించి చెప్పలేదుగా?"

"దేనికండీ? అది చూస్తానే ఉందిగా. ఇంకా తగ్గించి చెప్తే నా మొహాన ఊస్తారు."

అప్పుడు తట్టింది. డబ్బా పాతిన రోజే నాంచారయ్య మారిపోయాడు. చదువులేని మనిషి, ఎవరూ చెప్పకుండా, ఒక్క పూటలో, తన అంకెకి ఇక పనిలేదని తెలుసుకుని నిజం మీదికి వచ్చేశాడు. కాలువ పొడుగునా లస్కర్లందరూ మారారు. దిద్దుబాటు పట్టుకుని వేలాడుతున్నది నేనొక్కణ్ణే. ఆ కాలువ మీద ఇంకా మట్టం తప్పు చెప్తున్న మనిషి ఎవరయ్యా అంటే, ఏసీ గదిలో తెర ముందు కూర్చున్న డీఈ.

అప్పుడు చేశాను ఆ ఫోను. పక్క కాలువ షట్టరు దించి, శివారుకి తిప్పమని. టీ కొట్టు దగ్గర నేను చెప్పే ఒక్క ఫోను అదే. కంప్యూటరు ఒక మాట చెప్పిందనీ, నేను ఇంకో మాట చెప్పాననీ, నా మాటే నెగ్గిందనీ అన్నానే, అందులో అబద్ధం లేదు. నా మాట మూడు రోజులు నెగ్గింది. ఆపద అదే.

ఆ రోజంతా, మర్నాడు మధ్యాహ్నం దాకా ఆ శివారు గీతని చూస్తూ కూర్చున్నాను. మొదటిసారి నీళ్లు నడవటం చూసి చప్పట్లు కొట్టిన గది అదే. ఈసారి నీళ్లు ఎక్కడున్నాయో పావుగంటకోసారి తెలుస్తోంది, వాటిని ఒక్క అడుగు తొందరపెట్టటానికి నా చేతిలో ఏమీ లేదు. పూర్వం అయితే తెలిసేది కాదు. ఫోను చేసి ఇంటికెళ్లి అన్నం తినేవాణ్ణి. తప్పు చేసినవాడికి తన తప్పు ఎంత దూరం వెళ్లిందో కళ్లముందు పెట్టే యంత్రం ఇది. దానికి చేతులెత్తి మొక్కుతాను.

మర్నాడు మూడింటికి గీత లేచింది.

వారం తర్వాత కారులో వెళ్లాను. గట్టు మీద దిగి చూశాను. హంసలదీవి వైపునుంచి గాలి వస్తోంది, పైరు పచ్చగా ఊగుతోంది. లాకు కింద మొత్తం మూడు వందల చిల్లర ఎకరాలు. నాలుగు వేలు కాదు. మూడు వందలైతేనేం, చేలు బతికాయి, సీతమ్మ మూడెకరాలూ బతికాయి. ఎంత బరువు దిగిందో చెప్పలేను.

మీకు

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్నవాళ్లకి నా మాట ఇంతే. మీ ముందు తెర ఉంటుంది. అది మామూలు వస్తువు కాదు, దాన్ని మామూలుగా చూడకండి. నా తరంలో నిజం ఆఫీసు గుమ్మం దాకా వచ్చేసరికి పదిమంది చేతులు మారేది. మీకు నేరుగా వస్తుంది. అయితే అది మీ పైవాళ్ల ఫోన్లోకి కూడా వస్తుంది, పెళ్లి పందిట్లోంచి షట్టర్లు దించేవాళ్లు ఉంటారు. వాళ్లకి నెమ్మదిగా, "లస్కరుని అడిగి చెప్తానండి" అనండి. ఆ ఒక్క మాట చాలా గట్లు కాపాడుతుంది.

మీ బుర్రలో ఎవరో పెద్దాయన రాసిపెట్టిన నోటుబుక్కు ఉంటే, అందులో ప్రతి దిద్దుబాటు పక్కనా ఎందుకో రాసుకోండి. ఆ ఎందుకు పోయిన రోజు దిద్దుబాటు కూడా పోవాలి. డబ్బా వచ్చింది కదా అని లస్కరు ఫోను ఆపించకండి. మట్టం డబ్బా చెప్తుంది. గాలి సంగతి చెప్పదు.

గట్టు మీద చదివాను

ఇంతవరకూ రాసి శిరీషకి ఇచ్చాను. చదివి, "బాగుంది సార్. సీతమ్మగారికి కూడా వినిపించండి" అంది. అవసరమా అన్నాను. కాగితాలు నా చేతికిచ్చేసింది. బండి పంపనా అని కూడా అడగలేదు. నేనే అవనిగడ్డ బస్సెక్కి, అక్కణ్ణుంచి కోడూరు, అక్కణ్ణుంచి ఆటో.

నాంచారయ్య కూడా ఇప్పుడు రిటైరయ్యాడు, కానీ లాకు దగ్గరే కూర్చుంటాడు. నన్ను చూసి తుండుగుడ్డతో గట్టు మీద దుమ్ము దులిపాడు. సీతమ్మని కేకేశాడు. ఆమె పక్క చేలో కలుపు తీస్తోంది. కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చుంది. అది కూలికి తీస్తున్న చేను అని ఆ తర్వాత తెలిసింది నాకు.

మొదటినుంచీ చదివాను. గేదె దగ్గర ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. "అది అనుభవం అమ్మా" అన్న దగ్గర సీతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా తప్పు నేనే ఒప్పుకుంటున్నాను గదా, వినటానికి బాగానే ఉంటుంది. 'చేలు బతికాయి, సీతమ్మ మూడెకరాలూ బతికాయి' అని చదివి ఆగాను.

నాంచారయ్య నీళ్ల వంక చూస్తున్నాడు.

"సారుగారూ" అంది సీతమ్మ, "తవరు ఆ రోజు కారు దిగారా, గట్టు దిగారా?"

"గట్టు మీద నిలబడి చూశానమ్మా. పచ్చగా ఉంది."

"పచ్చగానే ఉందండీ. ఎన్ను పట్టుకుని నొక్కితే తెలిసేది. పాలు లేవు. మూడెకరాల్లో ఎకరన్నర మొత్తం తాలు. కోసి గేదెలకేశాం. తర్వాత యేడు ఆసామి భూమి ఇంకొకళ్లకిచ్చాడు." ఆమె గొంతులో కోపం లేదు. మట్టం చెప్తున్నట్టే చెప్పింది. "తవరు చేలు బతికాయని రాశారు. చేను బతకలేదండీ, గడ్డి బతికింది. అది కొట్టేసి ఇది రాయండి."